ఎడమకి లాగే బండి

నేను ఒక కారుని. ఒక కారునని నా కాగితాలు చెబుతాయి గాని, నేను మాత్రం ఒట్టేసి చెప్పలేను. ముందు సీట్ల దాకా నేను ఒక బండిని. ఆ వెనక నుంచి ఇంకో బండిని. రెండింటికీ కలిపి ఒకటే నంబరు, ఒకటే రంగు, ఒకటే అబద్ధం. పుట్టిన తేదీ ఎవరైనా అడిగితే నేను తడబడతాను. చచ్చిన తేదీలు మాత్రం రెండూ బాగా గుర్తు.

ముందు సగం కథ ముందు చెబుతాను. అది తెల్ల కారు. తునిలో ఎరువుల దుకాణం నడిపే ఒకాయన కొత్తగా కొన్నాడు. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఏడాది దాకా తియ్యలేదు, అంత అపురూపం. ఒకనాటి సాయంత్రం పెళ్ళిరోజని అన్నవరం వెళ్ళి తిరిగొస్తున్నారు. ఆవిడకి తలనొప్పిగా ఉందని వెనక సీట్లో పడుకుంది. రైలు గేటు వేసి ఉంటే ఆయన బండి ఆపాడు. వెనక వచ్చే లారీ ఆపలేదు. ముందున్న ఆయనకి చిన్న గీత కూడా పడలేదు. బెల్టు ఊడిరాక, వెనక్కి తిరగలేక, ఎడమ చెయ్యి సీట్ల మధ్యనుంచి వెనక్కి చాపి వెతుకుతూనే ఉన్నాడు. ఆ చేతికి ఏం తగిలిందో ముందు సగానికి తెలియదు. వెనక జరిగింది దాని సంగతి కాదు గదా. దానికి గుర్తున్నది ఆ చెయ్యి ఒక్కటే.

వెనక సగం ఒక ఎర్ర కారుది. రావులపాలెంలో కిరాయికి తిరిగేది. దాని డ్రైవరు వీరబాబు. ఒక ముసలావిడని కంటి ఆపరేషను చేయించి ఇంటికి తీసుకెళ్తూ, మిట్టమధ్యాహ్నం ఎండలో రెప్ప వాల్చాడు. తుమ్మచెట్టు అక్కడే ఉంది. వెనక సీట్లో కళ్ళకి కట్టుతో ఉన్న ముసలావిడకి ఏమీ కాలేదు, ఏమీ కనిపించనూ లేదు. "వీరబాబూ, ఆగావేటయ్యా? ఊరొచ్చేసిందా?" అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. పొలంలోంచి మనుషులు పరిగెత్తుకొచ్చేదాకా పిలుస్తూనే ఉంది. వెనక సగానికి ఆ పిలుపు తప్ప ఇంకేమీ తెలియదు.

ఇవి బాగుచెయ్యడానికి పనికిరావని బీమావాళ్ళు రెండు బండ్లనీ తుక్కు కింద వేలం వేశారు. రెండింటినీ కొన్నది రాజమండ్రిలో పాత కార్ల వ్యాపారం చేసే బాబ్జీగారు. ఒకదానికి ముందు బాగుంది, ఇంకోదానికి వెనక బాగుంది. ఒకే కంపెనీ, ఒకే రకం. ఇంత చక్కగా జాతకాలు కలిసిన సంబంధం ఈ మధ్య పెళ్ళిళ్ళలో కూడా కుదరడం లేదు.

మమ్మల్ని అతికినవాడు ఖాసిం మేస్త్రి. ఊరి బయట రేకుల షెడ్డులో పని. చెయ్యి తిరిగినవాడు, అతుకు మీద పుట్టీ పూసి బూడిద రంగు కొట్టాక, వేలితో తడిమి చూసినా ఎవరికీ అంతుపట్టదు. కాని ఆయనకి భయం ఉండేది. చచ్చిన మనుషుల బండ్లు కలుపుతున్నాను, వాళ్ళు ఊరుకుంటారా అని. అందుకని ఒక అలవాటు పెట్టుకున్నాడు. అతుకు చల్లారాక ఒక చిన్న కాగితం మీద రెండు బండ్ల పాత నంబర్లూ, ఆనాటి తేదీ రాసి, దువా చదివి, చుట్టచుట్టి రాగి గొట్టంలో పెట్టి మైనంతో మూసేవాడు. ఆ తాయెత్తుని ఎడమ తలుపుల కింద పొడుగ్గా, బోలుగా ఉండే ఇనుప పెట్టెలోకి నల్లదారంతో దించి, కన్నం మూసేసేవాడు. ఎవరికోసం అడుగుతున్నానో దేవుడికి తెలియాలిగా అని ఆయన ఉద్దేశం. బాబ్జీగారికి ఈ సంగతి తెలియదు. తెలిస్తే తాయెత్తు ఖర్చు కూడా మేస్త్రి కూలీలో కోసేవాడు.

అలా నేను లేచాను. ఆ చెయ్యి వెనక్కి వెతుకుతూనే ఉంది. ఆ గొంతు ముందుకి పిలుస్తూనే ఉంది. ఇప్పుడు మధ్యలో అడ్డం లేదు. పిలుపు వెళ్ళి చేతికి తగిలింది. కాని అది వీరబాబు చెయ్యి కాదు. పిలిచింది ఎరువుల దుకాణం ఆయన భార్యా కాదు. ఒకరినొకరు గుర్తుపట్టని ఇద్దరిని ఒకే గదిలో పెట్టి తాళం వేసినట్టుంది నా లోపల.

ఐదు నెలలు బాబ్జీగారి షెడ్డులో నిలబడ్డాను. చూడటానికి వచ్చినవాళ్ళలో ఎవరి నుదుట విభూది ఉంటే వాళ్ళకి, "పంతులుగారి బండండి, గుడికి తప్ప తియ్యలేదు" అని చెప్పేవాడు. సలోమి వచ్చిన రోజున ఆమె మెడలో సిలువ చూశాడు.

"డాక్టరుగారి బండమ్మా. ఆదివారం చర్చికెళ్ళడం, రావడం, అంతే. సింగిల్ ఓనరు. యాక్సిడెంటన్న మాటే లేదు. కళ్ళు మూసుకుని తీసుకెళ్ళిపోవచ్చు" అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకునే రకం కాదు. సామర్లకోటలో ఎనిమిదేళ్ళు బడి వ్యాను నడిపిన మనిషి. భర్త లేడు. ఆడవాళ్ళకి ఆడమనిషే నేర్పే డ్రైవింగ్ స్కూలు పెట్టాలని పైసా పైసా కూడబెట్టింది. బానెట్ ఎత్తి చూసింది, చక్రాలు తన్ని చూసింది, కింద పడుకుని కూడా చూసింది. కాని ఖాసిం మేస్త్రి పనితనం కింద పడుకుంటే కనిపించేది కాదు. బాబ్జీగారు నా ముందు కొబ్బరికాయ కొట్టించి చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించాడు. న్యాయంగా ఎనిమిది పెట్టాలి. సంతకం పెట్టిన కాగితంలో చివర చిన్న అక్షరాల్లో "ఉన్నది ఉన్నట్టుగా అమ్మబడినది" అని ఉంది. ఉన్నది ఏమిటో మాత్రం ఎక్కడా లేదు.

సలోమి నాకు ఎడమ సీటు ముందు రెండో బ్రేకు, రెండో క్లచ్చి పెట్టించింది. పక్కన కూర్చుని నేర్పేవాళ్ళకి అవి ప్రాణం. నేర్చుకునేవాళ్ళు తడబడితే పంతులమ్మ కాలే దిక్కు. ఆ కాలు మీద ఆమెకి గర్వం. "మీరు భయపడకండమ్మా, నా కాలు ఉందిగా" అనేది కొత్తగా ఎక్కిన ప్రతి మనిషితోనూ.

మొదటి నెలలోనే నేర్చుకోడానికి వచ్చేవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. వెనక సీటు ఖాళీగా ఉన్నా, బెల్టు పెట్టుకోమని గంట మోగేది. ఆపితే ఆగేది, మళ్ళీ మోగేది. లోపలి అద్దం ఎన్నిసార్లు సరిచేసినా మెల్లగా కిందికి వాలి, రోడ్డుని వదిలేసి వెనక సీటునే చూపించేది. తుమ్మచెట్లున్న దారిలో వెనక తలుపు అద్దం దానంతటదే దిగేది. అతుకులో కలిపిన వైర్లు ఒరుసుకుని ఇవన్నీ జరుగుతున్నాయని ఏ మెకానిక్కయినా చెబుతాడు. నేనూ అదే నమ్ముతాను. కాని తుమ్మచెట్ల దగ్గరే ఎందుకు ఒరుసుకుంటాయో నన్ను అడక్కండి.

"వెనక ఎవరో కూర్చున్నట్టుంది సలోమిగారూ" అని ఒకావిడ మూడు రోజులకే మానేసింది. ఇంకొకావిడ ముందు బంపరుకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది. సలోమి వాటిని తియ్యలేదు. పక్కన కూర్చుని ప్రార్థన కూడా చేసింది. మనుషులు దయ్యాన్ని నమ్ముతారు, దిష్టిని నమ్ముతారు, గ్రహాలని నమ్ముతారు. అమ్మినవాడు మోసం చేశాడేమోనన్న అనుమానం మాత్రం అన్నిటికన్నా చివర వస్తుంది.

వీటన్నిటికన్నా అసలు జబ్బు ఒకటుంది. నేను ఎడమకి లాగేవాణ్ణి. సలోమి రెండుసార్లు బాబ్జీగారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ఖాసిం దగ్గరికి పంపాడు. ఖాసిం చక్రాలు సరిచేసి, ఆమె మొహం చూడకుండా, "మెల్లగా నడుపుకోమ్మా" అన్నాడు. అంతకన్నా చెప్పే ధైర్యం ఆయనకి లేకపోయింది.

ఆ రోజు ఉదయం పది గంటలైంది. స్టీరింగు ముందు సుభాషిణి. పల్లెలు తిరిగి పిల్లలకి సూదులు వేసే నర్సు; బస్సుల కోసం నిలబడలేక నేర్చుకుంటోంది. పదిహేడో క్లాసు. చక్కగా నడుపుతోంది. కాలవ గట్టు మీద ఒక గతుకులో పడగానే నా ఎడమ అతుకు విడిపోయింది. ముందు సగం ఒక దారి, వెనక సగం ఒక దారి. చక్రాలు ఎడమకి తిరిగిపోయాయి. "అక్కా, నేను తిప్పలేదు!" అని అరిచింది సుభాషిణి. సలోమి కాలు బ్రేకు మీద పడింది. కల్వర్టు పిట్టగోడ నా మొహానికి తగిలింది.

సుభాషిణి మణికట్టు రెండుచోట్ల విరిగింది. కట్టు విప్పాక కూడా ఆ చెయ్యి సూది పట్టేలా తిరగలేదు.

ఊరు తీర్పు చెప్పడానికి ఒక్క పూట కూడా పట్టలేదు. ఆడాళ్ళకి ఆడాళ్ళు నేర్పితే ఇలాగే ఉంటుందన్నారు. రవాణా ఆఫీసువాళ్ళు తప్పెవరిదో తేలేదాకా స్కూలు లైసెన్సు ఆపేశారు. సుభాషిణి వాళ్ళాయన గుమ్మంలోకి వచ్చి, "మీ కాలు ఏం చేస్తోందండి అప్పుడు?" అని అడిగాడు. గట్టిగా కూడా అనలేదు.

నన్ను ఆమె ఇంటి పెరట్లో టార్పాలిన్ కప్పి పెట్టారు. రోజూ పొద్దెక్కాక ఆమె టార్పాలిన్ ఎత్తి ఎడమ సీట్లో కూర్చునేది. కళ్ళు మూసుకుని, "నేను తిప్పలేదు" అని తనే మెల్లగా అని, బ్రేకు తొక్కేది. మళ్ళీ అనేది, మళ్ళీ తొక్కేది. 'తిప్ప' దగ్గర తొక్కానా, 'లేదు' అన్నాక తొక్కానా అని. ఒక్కోరోజు వంద సార్లు. ఆమె వెనక పిలుపు పిలుస్తూనే ఉంది, చెయ్యి వెతుకుతూనే ఉంది. వాటికి తోడు ఇప్పుడు ఒక కాలు. నాలో చచ్చినవాళ్ళు చాలక బతికున్న మనిషి కూడా దయ్యమైపోతోందని నాకు భయం వేసింది. అమ్మా, నీ కాలు టైముకే పడింది, నేనే తప్పు, అని చెప్పాలని ఎంత గింజుకున్నానో. హారను కూడా పగిలిపోయింది.

చివరికి ఆమెని లాయరు సర్వలక్ష్మిగారి దగ్గరికి తీసుకెళ్ళింది సుభాషిణే. లాయరుగారు పెరట్లోకి వచ్చి నా చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"చూడమ్మా, దారులు మూడున్నాయి. మోసం చేశాడని పోలీసు కేసు పెట్టొచ్చు. అది వాళ్ళ ఓపిక మీద నడుస్తుంది. సివిల్ కోర్టుకెళ్ళొచ్చు, అది మన ఓపిక మీద. వినియోగదారుల కమిషన్‌కెళ్తే తొందరగా తేలుతుంది, అదీ కొన్న రెండేళ్ళ లోపు అయితేనే. ముందు నోటీసు పంపుదాం. ఇంతకీ నీకేం కావాలి? డబ్బా, వేరే బండా?"

సలోమి రెండూ కాదన్నట్టు తల ఊపి, "నా కాలుదా తప్పు, బండిదా అన్నది ఎవరో ఒకరు కాగితం మీద రాసి ఇవ్వాలండి" అంది.

"అది అడగడానికి విడిగా ఫారం లేదమ్మా. కాని డబ్బు అడిగితే, దాంతోపాటు అదీ రాయక తప్పదు వాళ్ళకి" అంది సర్వలక్ష్మిగారు. "ఒకటే మాట. ఈ బండి మీద చెయ్యి వెయ్యనివ్వకు. బాగుచేయిస్తామని ఎవరొచ్చినా సరే. నీ సాక్షి ఇదే."

నేను సాక్షినయ్యాను. నోరులేని సాక్షిని. వారం తిరక్కుండా బాబ్జీగారు టోయింగ్ బండి పంపాడు, ఉచితంగా బాగుచేసి ఇస్తామని. సలోమి గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

కమిషన్ ముందు జరిగింది నేను పెరట్లో వాళ్ళ మాటల్లో విన్నదే. అక్కడ బాబ్జీగారి లాయరు మూడు మాటలు చెప్పాడు. ఆవిడ వ్యాపారానికి కొంది గనక వినియోగదారే కాదన్నాడు. సర్వలక్ష్మిగారు లేచి, "ఆవిడే యజమాని, ఆవిడే పంతులమ్మ, బండి కడిగేది కూడా ఆవిడే. పొట్టకూటికి సొంతంగా చేసుకునే పనిని చట్టం వ్యాపారమనదండి" అంది. ఉన్నది ఉన్నట్టుగా అమ్మామన్నాడు. లోపం దాచిపెట్టి ఆ మాట రాయించుకుంటే చెల్లదని ఆవిడ పాత తీర్పులు చూపించింది. ఇక మూడోది.

"ఆడలేక మద్దెల ఓడందటండి వెనకటికి ఒకావిడ. ఈవిడ బ్రేకు తొక్కలేక బండి ఓడంటోంది" అన్నాడు. హాల్లో కొందరు నవ్వారు. సలోమి తన కాళ్ళవంక చూసుకుంది.

కమిషన్ అధ్యక్షుడు నవ్వలేదు. "అయితే మద్దెలనే విప్పి చూద్దాం" అని, పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పే భానుమూర్తిగారిని తనిఖీకి వేశాడు.

భానుమూర్తిగారు ఇద్దరు లాయర్ల ఎదుట, పెరట్లో, నా ఎడమ పక్కన రంగు గీకించాడు. పుట్టీ రాలింది. కింద అతుకు బయటపడింది. పైన పటారం, లోన లొటారం అన్నది నా గురించే పుట్టినట్టుంది.

"గుద్దుకున్నాక ఆవిడే అతుకు వేయించి ఉండొచ్చు" అన్నాడు బాబ్జీగారి లాయరు వెంటనే.

ఆ ఒక్క మాటతో కేసు నీరుగారిపోయేది. అతుకు ఎప్పుడు పడిందో ఇనుము చెప్పదు. భానుమూర్తిగారు తలుపు కింది పెట్టెని కోయించాడు, లోపల తుప్పు చూద్దామని. నల్లదారానికి వేలాడుతూ తాయెత్తు బయటికొచ్చింది. కోసే కుర్రాడు రంపం వదిలేసి వెనక్కి గెంతాడు. ముట్టుకోవద్దని ఎవరో అన్నారు. సలోమే చెయ్యి పెట్టి తీసింది. మైనం గీకి కాగితం విప్పితే రెండు నంబర్లు, ఒక తేదీ. ఆ తేదీ ఆమె నన్ను కొనడానికి ఐదు నెలల ముందుది. ఆ రెండు నంబర్లూ తుక్కు కింద బాబ్జీగారికి అమ్ముడైనట్టు బీమావాళ్ళ కాగితాలు దొరకడానికి ఎన్నాళ్ళో పట్టలేదు.

ఖాసిం మేస్త్రిని పిలిపించారు. "నువ్వే కట్టావా?" అని అడిగాడు అధ్యక్షుడు.

"నేనేనండి."

"ఎందుకు?"

"రెండు బండ్లలోనూ మనుషులు పోయారండి. అడక్కుండా కలిపేశాను గదండి. కోపం వస్తదేమోనని."

బాబ్జీగారు తల వంచుకున్నాడు. ఎన్ని కాగితాలు దిద్దించాడో మహానుభావుడు, ఈ ఒక్క కాగితం దేవుడికి రాసింది కాబట్టి ఆయన దాకా రాలేదు.

తరవాత భానుమూర్తిగారు తన రిపోర్టు చదివాడు. అతుకు విడిపోవడంవల్లే చక్రాలు తిరిగాయని. దాని వెంబడి వెళ్ళే బ్రేకు గొట్టం నలిగి మూసుకుపోయిందని. సలోమి లేచి నిలబడింది. లాయరు కూర్చోమన్నా కూర్చోలేదు.

"అయ్యా, నా కాలు టైముకి పడిందా లేదా? అది చెప్పండి."

"పెడలు వంగి ఉందమ్మా" అన్నాడాయన కళ్ళద్దాలు తీస్తూ. "గోడకి తగలకముందే, ఉన్న బలమంతా పెట్టి తొక్కితేనే అలా వంగుద్ది. మీరు తొక్కారు. అది చక్రాల దాకా వెళ్ళలేదు."

సలోమి ఏడవలేదు. ఏడ్చింది సుభాషిణి. "అయితే నా చెయ్యి కాదక్కా. నేనే తిప్పేశానేమో అనుకుంటున్నానక్కా ఇన్నాళ్ళూ" అంది. పద్నాలుగు నెలలుగా ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని, ఒకరు కాలినీ ఒకరు చేతినీ తిట్టుకుంటున్నారని అప్పుడు తెలిసింది ఇద్దరికీ.

తీర్పు వచ్చింది. సొమ్ము వడ్డీతో తిరిగివ్వాలి, నష్టపరిహారం వేరే. లైసెన్సు కూడా తిరిగొచ్చింది. బండిని మాత్రం అమ్మినవాడికి అప్పగించాలని ఉంది. అది తెలిసేసరికి నా ఇనుము చల్లబడింది. మళ్ళీ పుట్టీ, మళ్ళీ రంగు, ఇంకో నాలుగు నిమ్మకాయలు. సలోమికీ అదే తట్టింది. బండిని అలాగే ఇవ్వనని, మళ్ళీ రోడ్డెక్కకుండా చేసే ఇస్తానని చిన్న పిటిషను వేయించింది. బాబ్జీగారి లాయరు లేచి, పాడుచేసి ఇస్తే తమకి నష్టమన్నాడు.

అధ్యక్షుడు బాబ్జీగారివైపు చూశాడు. "మీరు కొన్నప్పుడు ఇది ఎన్ని ముక్కలు?"

ఆయన గొణిగాడు. "రెండండి."

"రెండే పట్టుకెళ్ళండి" అని, రిజిస్ట్రేషను రద్దు చెయ్యమని కూడా రాశాడు.

నన్ను విడదీసింది కూడా ఖాసిం మేస్త్రే. అడిగి మరీ చేశాడు. సలోమి పక్కన నిలబడి చూసింది. రంపం అతుకు వెంబడి వెళ్తుంటే నాకు నొప్పి లేదు. పిలుపు సన్నగా, ఇంకా సన్నగా వినిపించి, ఒకచోట ఆగిపోయింది. ఇప్పుడు నేనంటే ముందు సగమే. వెనక సగం పది అడుగుల అవతల ఉంది. అదేమంటోందో ఇక నాకు తెలియదు. దాని కథ అదే మీకెప్పుడైనా చెప్పుకోవాలి.

ఖాసిం చేతులు తుడుచుకుంటుంటే సలోమి అడిగింది. "మేస్త్రిగారూ, ఇట్లాంటి తాయెత్తులు ఎన్ని కట్టారు?"

ఆయన చాలాసేపు గుడ్డతోనే చేతులు రుద్దుకున్నాడు. "పదకొండమ్మా."

"మిగతా పదీ?"

"తిరుగుతున్నాయమ్మా. లాగుతున్నాయని నా దగ్గరికే పంపేవోరు బాబ్జీగారు. ఫోన్లో నంబర్లున్నాయి."

"తియ్యండి."

ఆయన మొదటి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను ఆమె చేతికిచ్చాడు. పేరు తెలియక "పిఠాపురం నీలం బండి" అని రాసుకున్నాడు. అవతల మగగొంతు హలో అంది.

"నమస్తేనండి. నా పేరు సలోమి. ఒక్క మాట అడుగుతానండి, ఏమీ అనుకోకండి. మీ బండి ఎడమకి లాగుతుందాండి?"

ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను.

"లాగేదండి" అన్నాడు చివరికి. "మా ఆవిడ పోయి ఆరు నెల్లయిందండి. నేనే సరిగ్గా తిప్పలేదండి."

సలోమి ఆ ఇనుపరజను మీదే కూర్చుండిపోయింది. ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది.

"కాదండి" అంది. "మీ చెయ్యి కాదండి."